స్లైడుపై అంకె, స్ప్రెడ్‌షీటులో అంకె: రెండూ ఒకటిగా ఉండాలంటే

చలికాలంలో ఒక ఉదయం ఢిల్లీలో వ్యవసాయ పరపతిపై సమీక్షా సమావేశం జరుగుతున్నది. వివిధ రాష్ట్రాల నుండి వచ్చిన బ్యాంకు అధికారులు ఒకరి తరువాత ఒకరు తమ ప్రగతి వివరాలను తెరపై చూపుతున్నారు. తెలుగు జిల్లాల నుండి వెళ్ళిన ఒక అధికారి వంతు వచ్చింది. ముందురోజు రాత్రి ఆయన బసలోనే కూర్చుని స్ప్రెడ్‌షీటులోని అంకెలన్నింటినీ శ్రద్ధగా సరిచేసుకున్నారు. అయినా తెరపై పాత త్రైమాసికపు మొత్తాలే కనిపించాయి. సభ్యుల చేతిలోని అచ్చు ప్రతిలో ఒక అంకె, తెరపై మరొక అంకె. ఏది సరియైనదని అధ్యక్షులు ప్రశ్నించారు. వెంటనే సమాధానం దొరకలేదు. "సరిచూసి తిరిగి పంపండి" అన్న మాటతో ఆ జిల్లా కోరిన అదనపు కేటాయింపు తరువాతి సమావేశానికి వాయిదా పడింది.

ఆ సమావేశంలో ఒక మూలన కూర్చుని ఉన్న ఈ రచయితకు అప్పుడు కలిగిన ఆలోచనే ఈ వ్యాసానికి మూలం. ఆ అధికారి లెక్క తప్పు కాదు, శ్రమలోనూ లోపం లేదు. స్ప్రెడ్‌షీటులోని పట్టికను స్లైడులోనికి చేర్చిన పద్ధతి ఆయన అవసరానికి తగినది కాదు. జరిగినది అంతే.

అంకెల ప్రయాణం

మన గ్రామీణ పరపతి వ్యవస్థలో అంకె చాలా దూరం ప్రయాణం చేస్తుంది. 1969లో అగ్రగామి బ్యాంకు పథకం ప్రారంభమైన నాటి నుండి జిల్లాను ఒక యూనిట్‌గా తీసుకుని ప్రణాళికలు రూపొందించడం ఆచారమైంది. 1982 జూలై 12న నాబార్డు ఏర్పడిన తరువాత ప్రతి జిల్లాకు పరపతి అవకాశాల అంచనా కూడా ఈ ప్రణాళికలకు ఆధారమైంది. శాఖలో నమోదైన అంకె మండల స్థాయి కమిటీకి, అక్కడి నుండి జిల్లా సంప్రదింపుల కమిటీకి, ఆపైన రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీకి చేరుతుంది. చివరకు ఢిల్లీలోని కేంద్ర ఆర్థిక సేవల విభాగం ముందుకు, దేశ రాజధాని ప్రాంతంలోని బ్యాంకుల ప్రధాన కార్యాలయాల ముందుకు వస్తుంది. ఈ మజిలీలన్నింటిలోనూ నేడు అంకెలను మోసే వాహనాలు రెండే: ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీటు, పవర్‌పాయింట్ వంటి స్లైడుల ప్రదర్శన. ఈ రెండింటినీ కలిపే అతుకు సరిగా లేకపోతే మధ్యదారిలోనే అంకె పాతబడుతుంది, లేదా తెగిపోతుంది.

చేర్చే పద్ధతులు మూడు

ఒక ప్రోగ్రాములోని పట్టికను మరొక ప్రోగ్రాములో ఉంచే ఏర్పాటు 1990వ దశకం ఆరంభంలోనే విండోస్ కంప్యూటర్లలోకి వచ్చింది. నేటికీ దాని మూలసూత్రం మారలేదు. ఎక్సెల్‌లో పట్టికను కాపీ చేసి, పవర్‌పాయింట్‌లో 'పేస్ట్ స్పెషల్' అనే ఆదేశాన్ని ఎంచుకుంటే మూడు మార్గాలు కనిపిస్తాయి.

మొదటిది పొదగడం. పట్టికతోపాటు మొత్తం వర్క్‌బుక్ నకలు స్లైడు ఫైలులోనికి చేరుతుంది. ఆ క్షణం నుండి అసలు ఫైలుకు, ఈ నకలుకు సంబంధం ఉండదు. అసలును ఎంత సవరించినా నకలు మారదు.

రెండవది లంకె వేయడం. ఇందులో స్లైడు వద్ద ఉండేది పట్టిక రూపం, అసలు ఫైలు ఉన్న చోటు చిరునామా మాత్రమే. అసలు మారితే స్లైడు కూడా మారగలదు. అయితే అసలు ఫైలు ఆ చిరునామాలోనే దొరకాలి.

మూడవది చిత్రంగా అతికించడం. ఇది ఫోటో వంటిది. మారదు, తెరుచుకోదు, ఏ కంప్యూటరులోనైనా ఒకే విధంగా కనిపిస్తుంది.

పాసుపుస్తకంతో పోల్చి చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది. పొదిగిన పట్టిక లెడ్జరు మొత్తానికి తీసిన నకలు వంటిది. లంకె వేసిన పట్టిక "ఫలానా లెడ్జరు, ఫలానా పుట చూడుడు" అని వ్రాసిన చీటీ వంటిది. చిత్రం ఆనాటి నిల్వను వ్రాసి ఇచ్చిన ధ్రువపత్రం వంటిది. మూడింటికీ ప్రయోజనం ఉన్నది. ఏది ఎప్పుడు వాడాలన్నదే ప్రశ్న. మనకు ఎదురయ్యే చిక్కులలో అధికభాగం ఈ ఎంపికను అనాలోచితంగా చేయడం వలన కలిగేవే.

సాధారణంగా ఎదురయ్యే చిక్కులు, నివారణ

పాత అంకెలే కనిపించుట: పై సమావేశంలో జరిగినది ఇదే. పట్టిక పొదిగినదైతే అసలు ఫైలును సరిచేసి ప్రయోజనం లేదు. స్లైడులోని పట్టికపై రెండుసార్లు నొక్కి, అక్కడే సవరించాలి. లంకె వేసినదైతే 'ఫైల్' మెనూలోని 'ఇన్ఫో' పుటలో 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' అనే ఆదేశం ద్వారా లంకెల జాబితాను తెరచి, 'అప్‌డేట్ నౌ' నొక్కాలి. ప్రదర్శనను తెరచినపుడు లంకెలను తాజా పరచవలెనా అని కంప్యూటరు అడిగితే, తొందరలో 'క్యాన్సిల్' నొక్కేవారు చాలామంది. ఆ ఒక్క నొక్కుతో పాత అంకెలే నిలిచిపోతాయి. ఈ మెయిల్ ద్వారా వచ్చిన ఫైలు రక్షిత రూపంలో తెరుచుకుంటుంది గనుక, 'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కేవరకు లంకెలు పనిచేయవని కూడా గుర్తుంచుకోవాలి.

లంకె తెగిపోవుట: కార్యాలయపు కంప్యూటరులో చక్కగా పనిచేసిన స్లైడు, పెన్‌డ్రైవులో ఢిల్లీకి చేరగానే మొండికేస్తుంది. కారణం సులభమే. లంకెలో నమోదైన చిరునామా కార్యాలయపు కంప్యూటరులోని ఫోల్డరుది. సమావేశ మందిరపు కంప్యూటరులో ఆ చోటే లేదు. అందుచేత స్లైడు ఫైలును, స్ప్రెడ్‌షీటు ఫైలును ఒకే ఫోల్డరులో ఉంచి, రెండింటినీ కలిపి తీసుకువెళ్ళాలి. చేరిన తరువాత లంకెల జాబితాలో 'చేంజ్ సోర్స్' ద్వారా క్రొత్త చోటును చూపాలి. అంకెలు ఖరారైన తరువాత ఇక మార్పులు లేవనుకుంటే, 'బ్రేక్ లింక్' ద్వారా లంకెను తొలగించి పట్టికను స్థిరపరచుకోవడం మేలు.

పట్టిక సగమే కనిపించుట: పొదిగిన పట్టికకు రెండు రకాల చట్రాలు ఉన్నవి. ఒకసారి నొక్కి చట్రాన్ని లాగితే పట్టిక సాగుతుంది, అక్షరాలు వికారమవుతాయి. క్రొత్త గడులు మాత్రం కనిపించవు. రెండుసార్లు నొక్కి, ఎక్సెల్ మెనూలు ప్రత్యక్షమైన తరువాత లాగితేనే ఎక్కువ వరుసలు, ఎక్కువ నిలువు వరుసలు బయటపడతాయి. బయటకు వచ్చే ముందు కావలసిన షీటునే ఎదుట ఉంచి, పట్టిక మొదటి గడి పై మూలకు వచ్చేలా జరపాలి. ఏ భాగం ఎదుట ఉండగా బయటకు వస్తే ఆ భాగమే స్లైడుపై నిలుస్తుంది.

పట్టిక తెరుచుకోకుండుట: పొదిగిన పట్టికను తెరవడానికి ఆ కంప్యూటరులో ఎక్సెల్ ఉండాలి. ఎక్సెల్ ఉన్నప్పటికీ, వెనుక ఏదో ఒక ప్రశ్నతో అది మన సమాధానం కోసం ఎదురుచూస్తూ ఉంటే తెరుచుకోదు. అన్నింటినీ మూసి, ఎక్సెల్‌ను విడిగా తెరచి, మరల ప్రయత్నించాలి. అప్పటికీ తెరుచుకోకపోతే సమావేశంలో దానితో పోరాడటం తగదు. అదే పట్టిక చిత్రం ఉన్న మరొక స్లైడును ముందే సిద్ధపరచుకుని ఉంటే ఇబ్బంది ఉండదు.

కూడిక సరిపోకుండుట: మూడు మండలాల మొత్తాలు 12, 12, 12 కోట్లు, జిల్లా మొత్తం 37 కోట్లు అని స్లైడు చూపితే ఎవరైనా ఆక్షేపిస్తారు. నిజానికి ఒక్కొక్కటి 12.4 కోట్లు. కూడితే 37.2. దశాంశాలను దాచినందువలన ఇట్లా కనిపించింది. గడి చూపేది పూర్ణాంకం, లెక్కించేది అసలు విలువ. ఒక దశాంశ స్థానమైనా చూపడం, లేదా పట్టిక క్రింద ఒక వివరణ వ్రాయడం దీనికి పరిష్కారం.

కామాలు, అక్షరాలు మారుట: మనం 1,23,45,678 అని వ్రాసే సంఖ్య, విదేశీ పద్ధతిలో అమర్చిన కంప్యూటరులో తెరవగానే 12,345,678 గా మారవచ్చును. ఎక్సెల్ ఆ కంప్యూటరులోని ప్రాంతీయ అమరికను అనుసరించడమే దీనికి కారణం. అంకెలను లక్షలలోనో కోట్లలోనో ఇచ్చి, ఆ ప్రమాణాన్ని శీర్షికలో స్పష్టంగా వ్రాయాలి. తెలుగు పేర్లకు పాత డీటీపీ ఫాంట్లు వాడితే ఇతర కంప్యూటర్లలో అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసి, విండోస్‌తోనే వచ్చే నిర్మలా యూఐ వంటి ఫాంటు వాడితే ఈ బాధ ఉండదు.

ఒక రైతు లెక్కలో తేడా

ఇవన్నీ కంప్యూటరు చిక్కులు మాత్రమే కదా అని పాఠకులు అనుకోవచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకం ప్రకారం మొదటి ఏడాది స్వల్పకాలిక పరిమితికి సూత్రం ఇది: పంటకు నిర్ణయించిన స్కేల్ ఆఫ్ ఫైనాన్స్‌ను సాగు విస్తీర్ణంతో హెచ్చించాలి. దానిపై పంటకోత అనంతర, గృహ అవసరాలకు 10 శాతం, వ్యవసాయ ఆస్తుల మరమ్మతులకు 20 శాతం కలపాలి. పంటల బీమా వంటివి వీటికి అదనం.

లెక్క కోసం ఒక పంటకు పాత స్కేలు ఎకరాకు రూ. 40,000, క్రొత్తది రూ. 45,000 అనుకుందాం. మూడెకరాల రైతుకు పాత లెక్కన రూ. 1,20,000, దానిపై 12,000, మరొక 24,000, వెరసి రూ. 1,56,000. క్రొత్త లెక్కన రూ. 1,35,000, దానిపై 13,500, మరొక 27,000, వెరసి రూ. 1,75,500. తేడా రూ. 19,500. మండల సమావేశంలో చూపిన స్లైడులో పాత స్కేలు పొదిగి ఉండి, ఆ స్లైడునే శాఖలు ప్రమాణంగా తీసుకుంటే, ప్రతి రైతుకూ అంత సొమ్ము తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి రైతు ఎవరి వద్దకు వెళతాడో మనకు తెలియనిది కాదు.

ఇంకొక సంగతి. హామీ లేకుండా ఇచ్చే వ్యవసాయ ఋణాల పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి రూ. 1.6 లక్షల నుండి రూ. 2 లక్షలకు పెంచింది. అదే స్లైడులో పాత పరిమితి కూడా మిగిలిపోతే, రూ. 1,75,500 అర్హత గల రైతును అవసరం లేని తాకట్టు అడిగే ప్రమాదం ఉన్నది.

దాచినది తొలగించినది కాదు

పొదగడంలో మరొక గంభీరమైన ప్రమాదం ఉన్నది. స్లైడుపై పది వరుసలే కనిపించినా, లోపల వర్క్‌బుక్ మొత్తం ఉంటుంది. అందులోని వేరొక షీటులో రైతుల పేర్లు, ఖాతా సంఖ్యలు, బకాయిలు ఉంటే, ఆ స్లైడు ఎవరెవరికి మెయిల్ ద్వారా వెళ్ళినదో వారందరికీ అవి చేరినట్లే. షీటును దాచి ఉంచినా రెండు నొక్కులతో బయటపడుతుంది.

ఇది ఊహ కాదు. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ ఒక సమాచార అభ్యర్థనకు సమాధానంగా ఇచ్చిన స్ప్రెడ్‌షీటులో దాగి ఉన్న షీటు ద్వారా సుమారు పదివేల మంది అధికారులు, సిబ్బంది వివరాలు బయటపడ్డాయి. దీనిపై 2024లో ఆ శాఖకు ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా విధించారు. మన దేశంలోనూ వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచినా, ఖాతాదారుని గోప్యత కాపాడటం బ్యాంకు వృత్తికి తొలి నియమం.

అందుచేత పొదగదలచిన పట్టికను ముందుగా ఒక క్రొత్త వర్క్‌బుక్‌లోనికి విలువలుగా మాత్రమే అతికించి, ఆ చిన్న వర్క్‌బుక్ నుండి స్లైడులోనికి చేర్చాలి. ఇందువలన ఫైలు పరిమాణం కూడా తగ్గుతుంది. బయటివారికి పంపేటప్పుడు స్లైడులను పీడీఎఫ్‌గా మార్చి పంపితే లోపలి వర్క్‌బుక్ వెళ్ళదు.

సమావేశానికి ముందు

ఢిల్లీకైనా, జిల్లా కేంద్రానికైనా బయలుదేరే ముందు ఈ క్రింది విషయాలు సరిచూసుకోవడం శ్రేయస్కరం.

1. అంకెలు ఇంకా మారుతూ ఉంటే లంకె. సమావేశంలోనే మార్చి చూపవలసి ఉంటే పొదగడం. ఖరారైన అంకెలకు చిత్రం.
2. ప్రతి పట్టిక క్రింద "ఫలానా తేదీ నాటికి" అన్న మాట, ప్రమాణం లక్షలా కోట్లా అన్న వివరం.
3. స్లైడులోని మొత్తాలను అచ్చు ప్రతితో పోల్చి చూడటం.
4. పొదిగిన ప్రతి పట్టికను తెరచి, లోపల వేరే షీట్లు ఉన్నవేమో పరిశీలించడం.
5. తమది కాని మరొక కంప్యూటరులో ఒకసారి తెరచి చూడటం.
6. పీడీఎఫ్ ప్రతిని విడిగా వెంట ఉంచుకోవడం.

ఈ ఆరింటికీ కలిపి అరగంట చాలు. పై సమావేశంలో ఆ అధికారికి కొరవడినది ఆ అరగంటే. తెరపై కనిపించే ప్రతి అంకె వెనుక ఒక పొలం, ఒక పంట, ఒక కుటుంబం ఉన్నవి. ఆ అంకెను చెక్కుచెదరకుండా శాఖ నుండి రాజధాని వరకు చేర్చడం కూడా ఋణం మంజూరు చేయడమంత బాధ్యతగల పనియే.