సంత మూతపడితే చీకటి బేరం

దొంగ రవాణా వల్ల ఖజానాకు పడే గండి గురించి అందరూ మాట్లాడతారు. దాని అసలు బరువు మోసేది ఎవరో తెలియాలంటే బస్తర్ అడవుల్లోకి వెళ్లాలి.

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్‌కు 56 కిలోమీటర్ల దూరంలో ఉంది జగర్గుండా. ఒకప్పుడు చింతపండు, ఇప్పపూవు వంటి అటవీ ఉత్పత్తుల సంతకు అది పేరుమోసిన ఊరు. చుట్టుపక్కల గూడేల కోయలు గంపలతో వచ్చి, ఉప్పూ బట్టా కొనుక్కుని వెళ్లేవారు. 2001లో మావోయిస్టులు అక్కడి గ్రామీణ బ్యాంకును దోచుకోవడంతో అది మూతపడింది. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత ఊరు ముళ్లకంచె మధ్య శిబిరంగా మారింది. సంత చెదిరిపోయింది. పోలీసు పహారాలో వచ్చే లారీలే దిక్కయ్యాయి.

సంత ఆగినంత మాత్రాన ఇచ్చిపుచ్చుకోవడం ఆగదు, దారి మార్చుకుంటుంది. మావోయిస్టులకు చేరుతాయన్న అనుమానంతో బియ్యం, మందులు, బ్యాటరీల వంటివి అడవిలోకి తీసుకెళ్లడం మీదే నిఘా పడింది. ఇంటికి మోసుకెళ్లే సరుకుకు కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. మరోవైపు తునికాకు కాంట్రాక్టర్ల నుంచి మావోయిస్టులు వసూళ్లు సాగించారు. ఆ డబ్బు ఏ సర్కారు పద్దులోనూ చేరలేదు; తుపాకులకు మాత్రం అక్కరకొచ్చింది.

బస్తర్‌కు ఇది కొత్త పాఠమేమీ కాదు. 1990లలో ఆదివాసుల పట్టా భూముల్లోని విలువైన చెట్లను వ్యాపారులు కారుచౌకగా కొట్టుకుపోయిన ‘మాలిక్ మక్బూజా’ కుంభకోణంలో కొందరు అధికారుల హస్తమూ బయటపడింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెట్టు యజమానికి దక్కింది మాత్రం నామమాత్రమే.

గంజాయి కథా అంతే. సుక్మాకు పొరుగునే ఒడిశాలోని మల్కన్‌గిరి, దాని పక్కనే ఆంధ్ర మన్యం. ఈ కొండల్లోని సరుకు నగరాలకు చేరేలోగా ఎన్నో చేతులు మారుతుంది. 20 కిలోలు మించితే చట్టప్రకారం కనీసం పదేళ్ల కఠిన కారాగారం. పట్టుబడేది తరచూ కూలికి మూట మోసినవాడే. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. మూటలు బూడిదయ్యాయి. వాటిని పండించేలా చేసిన పేదరికం అలాగే ఉంది.

దొంగ రవాణాతో పన్ను పోవడం మొదటి నష్టం. పన్ను కట్టే వ్యాపారి పోటీలో చితికిపోవడం రెండోది. చట్టం మీద నమ్మకం పోవడం మూడోది, అన్నిటికన్నా ఖరీదైనది. కాపలా ఒక్కటే దీనికి మందు కాదు. 2024 జూలై బడ్జెట్‌లో కేంద్రం బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించింది. దొంగ బంగారంలో లాభం తగ్గించడం అందులో ఒక ఉద్దేశం. సక్రమమైన దారి చౌకైతే దొంగదారికి గిరాకీ తగ్గుతుంది.

జగర్గుండాకూ అదే సూత్రం. 2025 మేలో అక్కడ ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ తెరుచుకుంది. గింజతో ఉన్న చింతపండుకు కేంద్రం 2020లో కిలోకు 36 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఆ ధర దళారీ చేతిలో చిక్కకుండా కోయ మహిళ ఖాతాలో పడిన రోజున చీకటి బేరానికి అడవిలో చోటు తగ్గుతుంది. లేదంటే కొత్త రోడ్డు మీద కూడా పాత సరుకే వెళుతుంది.