వేసవిని దాటే డాలియా

ఈస్టరు పండుగ దాటిందంటే చాలు, మన ఇళ్ల ముందున్న డాలియా కుండీలకు గడ్డుకాలం మొదలవుతుంది. క్రిస్మస్‌కు, నూతన సంవత్సర ఆరాధనకు పళ్లెమంత పూలనిచ్చి మందిరంలో బల్లకు నిండుదనం తెచ్చిన మొక్క అదే! ఏప్రిల్ వచ్చేసరికి దాని ఆకుల అంచులు మాడిపోతాయి, మొగ్గలు విచ్చకుండానే నల్లబడతాయి, కాండం వాలిపోతుంది. కంగారుపడి నీళ్లు రెండింతలు పోస్తాం, ఎరువు వేస్తాం. అయినా కోలుకోదు. చివరికి చచ్చిపోయిందని తీర్మానించి, మట్టితో సహా గోడవతల కుమ్మరించి, కుండీ కడిగి బోర్లిస్తాం. అలా కుమ్మరించిన మట్టిలో ప్రాణంతో ఉన్న దుంపలను కూడా పారేస్తున్నామని ఎంతమందికి తెలుసు?

డాలియా అంటే పైకి కనిపించే పూలు, ఆకులు మాత్రమే కాదు. మట్టి కింద చిలగడదుంపల్లాంటి దుంపలు గుత్తిగా ఊరి ఉంటాయి. మొక్క చలికాలమంతా కూడబెట్టుకున్న ఆహారం వాటిలోనే ఉంటుంది. వచ్చే ఏటి మొక్క, వచ్చే క్రిస్మస్ పూలు ఆ దుంపల్లోనే దాగి ఉన్నాయి. అందుకే మన మైదాన ప్రాంతాల్లో వేసవి తోటపని అంటే డాలియాను పూయించడం కాదు, దాన్ని క్షేమంగా నిద్రపుచ్చడం!

ఇది అర్థం కావాలంటే డాలియా పుట్టిల్లు ఎక్కడో తెలియాలి. ఇది మెక్సికో, మధ్య అమెరికా దేశాల ఎత్తయిన కొండసీమల మొక్క. అక్కడ ఎండలున్నా చల్లగాలి ఉంటుంది. వానలు మొదలవగానే డాలియా మొలకెత్తి, వానలు వెనుదీసే రోజుల్లో విరగబూస్తుంది. తర్వాత నెలల తరబడి చినుకు పడని కాలం వస్తుంది. అప్పుడు పైమొక్క ఎండిపోతుంది, దుంప మట్టిలో నిద్రపోతుంది. అంటే పుట్టింట్లో కూడా ఎండుకాలమే దాని నిద్రకాలం. దాహాన్ని దాటడానికే దానికి ఆ దుంప ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మన పెరట్లో అది ఎండిపోవడం రోగమూ కాదు, పెంచినవారి చేతి దోషమూ కాదు. అది దాని స్వభావం.

మెక్సికో నుంచి 1789లో ఈ మొక్క స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోని రాజోద్యానానికి చేరింది. అక్కడ వృక్షశాస్త్రజ్ఞుడైన కవనిల్లెస్ అనే మతగురువు స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు ఆండర్స్ డాల్ గౌరవార్థం 1791లో దీనికి డాలియా అని పేరు పెట్టాడు. మెక్సికో 1963లో దీన్ని తమ జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది. ఇవాళ గుండీ అంత పూవు నుంచి అన్నం కంచమంత పూవు దాకా వేల రకాలున్నాయి. చాలా మొక్కల్లో క్రోమోజోములు రెండు వరుసలుంటే తోటల్లో పెంచే డాలియాలో ఎనిమిది వరుసలుంటాయి. అందుకే గింజ నాటితే తల్లి రంగు, తల్లి రూపమే వస్తుందన్న నమ్మకం లేదు. మీకు నచ్చిన ఆ ఎరుపే, ఆ ఊదారంగే మళ్లీ కావాలంటే దుంపనైనా కాపాడుకోవాలి, దాని కొమ్మనైనా నాటుకోవాలి. వేరే దారి లేదు!

వేల్స్ దేశంలోని ఒక డాలియా కథ ఈ సంగతినే చెబుతుంది. కార్డిఫ్ నగరంలో ఫ్రెడ్ ట్రెసెడర్ అనే నర్సరీ యజమాని 1924లో ఒక కొత్త రకాన్ని పెంచాడు. దాని ఆకులు నల్లని రాగిరంగు, పూలు మండే ఎరుపు. అప్పటి ల్యాండాఫ్ బిషప్ జాషువా ప్రిచర్డ్ హ్యూస్ గారి పేరిట దానికి 'బిషప్ ఆఫ్ ల్యాండాఫ్' అని పేరు పెట్టారు. 1928లో దానికి బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పురస్కారం దక్కింది. ఆ బిషప్ గారూ లేరు, ఆ నర్సరీ యజమానీ లేడు. కాని ఆ ఎర్రడాలియా ఇప్పటికీ ఎన్నో దేశాల తోటల్లో పూస్తూనే ఉంది. ఎలా? ఏటేటా ఎవరో ఒకరు దాని దుంపను తవ్వి, దాచి, మళ్లీ నాటుతూ వచ్చారు. అక్కడ గండం మంచు, ఇక్కడ మనకు ఎండ. అంతే తేడా. మీ అమ్మగారో, అత్తగారో నాటిన డాలియా రంగు కూడా అలాంటిదే. ఒక్క వేసవి అశ్రద్ధ చేస్తే ఆ రంగు ఆ ఇంట్లో మళ్లీ కనబడకపోవచ్చు.

అసలు వేసవిలో డాలియా ఎక్కడా పూయదా? పూస్తుంది, చల్లని చోట. ఊటీ, కొడైకెనాల్ కొండల మీద మే నెలలో కూడా డాలియాలు కళకళలాడుతుంటాయి. సెలవులకు వెళ్లిన మనవాళ్లు అవి చూసి ముచ్చటపడి ఒక కుండీ కొని విజయవాడకో, వరంగల్లుకో తెస్తారు. వారం తిరిగేసరికి అది వడలిపోతుంది. అమ్మినవాడు మోసం చేశాడని బాధపడతారు. అందులో మోసమేమీ లేదు. పగలు 25 డిగ్రీల వేడిలో హాయిగా ఉన్న మొక్కను 42 డిగ్రీల ఎండలోకి తెచ్చాం. అలాగే అమెరికాలో న్యూజెర్సీ వంటి చోట్ల ఉన్న మన పిల్లలు మే నెలలో దుంపలు నాటుతారు. జులై, ఆగస్టు నుంచి అక్టోబరులో మంచు కురిసే దాకా వారికి పూలే పూలు. వారికి పూలకాలమైన వేసవి మనకు నిద్రకాలం. వారు పంపిన ఫోటోలు చూసి మనం మే నెలలో కొత్త మొక్కలు నాటితే డబ్బు దండగే!

ఇక దుంపను వేసవి దాటించే పద్ధతి చూద్దాం. మార్చి నెలలో పూలు చిన్నవై, రేకులు పలచబడి, మధ్యలో పసుపుపచ్చని దిమ్మె కనిపిస్తుందంటే మొక్క అలసిపోయిందని గుర్తు. అప్పుడు ఎరువు పూర్తిగా ఆపాలి. నీళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఆకులు పచ్చగా ఉన్నంతకాలం అవి దుంపకు ఆహారం అందిస్తూనే ఉంటాయి కాబట్టి, చూడ్డానికి బాగోలేదని పచ్చికాండాన్ని కోసేయకండి. ఆకులు పూర్తిగా పసుపుబారాక కాండాన్ని మట్టికి బెత్తెడు ఎత్తున కోయాలి. డాలియా కాండం లోపల బోలుగా ఉంటుంది. ఆ గొట్టంలోకి నీరు చేరితే మెడ కుళ్లిపోతుంది. కొంచెం బంకమట్టితో దాని నోరు మూసేస్తే సరి. కోసేముందే పూల రంగు రాసిన చీటీ ఒకటి కుండీకి కట్టండి. నిద్రలో ఉన్న దుంపలన్నీ ఒకేలా ఉంటాయి మరి!

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. మొదటిది తేలికైనది, దుంపను కుండీలోనే ఉంచేయడం. కుండీని డాబా మీది నుంచి కిందికి దించండి. వేసవిలో శ్లాబు పెనంలా కాలుతుంది, కుండీలోని మట్టి కూడా దానితో పాటే ఉడికిపోతుంది. ఇంటికి ఉత్తరం వైపునో, చెట్టు నీడనో నేల మీద పెట్టండి. పైన ఎండుటాకులో, కొబ్బరిపీచో పరవండి. పది రోజులకొకసారి ఒక గ్లాసు నీళ్లు చాలు. మట్టి తడిసి ముద్ద కాకూడదు, దుంప ముడుచుకుపోయేంతగా ఎండిపోనూ కూడదు. ఈ నెలల్లో దుంపల ప్రాణం తీసేది చాలాసార్లు ఎండ కాదు, జాలిపడి మనం పోసే నీళ్లే! ఆకు లేని మొక్క నీళ్లు తాగలేదు. తాగని నీరు మట్టిలో నిలిచి దుంపను కుళ్లబెడుతుంది.

రెండో దారి, దుంపలను తవ్వి దాచడం. నేలలో నాటినవారికి, నీరు నిలిచే నల్లరేగడి ఉన్నవారికి ఇదే మంచిది. కాండానికి అడుగు దూరంలో చుట్టూ మట్టి వదులు చేసి, గుత్తిని కింది నుంచి రెండు చేతులతో పైకి లేపాలి. కాండం పట్టుకుని లాగితే దుంపల మెడలు విరుగుతాయి. మొలకెత్తే కన్నులు బంగాళాదుంపకున్నట్టు దుంప ఒంటినిండా ఉండవు, కాండమూ దుంపలూ కలిసే మెడ దగ్గరే ఉంటాయి. మెడ లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు. తవ్విన దుంపలను రెండు రోజులు నీడన ఆరబెట్టి, కొంచెం గంధకం పొడి చల్లి, మట్టిమూకుడులోనో వెదురుబుట్టలోనో పొడి ఇసుక లేదా కొబ్బరిపొట్టు నడుమ ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టకూడదు, గాలి ఆడక బూజు పడుతుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో నేల మీద ఉంచి, పదిహేను రోజులకొకసారి తీసి చూడాలి. మెత్తబడి వాసన వచ్చే దుంపను వెంటనే తీసేయకపోతే పక్కవాటినీ పాడుచేస్తుంది. ముడతలు పడుతుంటే ఇసుక మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించాలి.

ఒక హెచ్చరిక. చలికాలంలోనే ఆకులు మచ్చమచ్చలుగా పాలిపోయి, ముడుచుకుని, మొక్క గిడసబారి ఉంటే అది వైరస్ తెగులు కావచ్చు. పేనుబంక పురుగు దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. ఆ తెగులు దుంపలో కూడా ఉంటుంది, దానికి మందు లేదు. అలాంటి దుంపను మాత్రం దాచకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.

చల్లని దేశపు మొక్కను మన వాతావరణంలో నిలబెట్టడానికి పడే ఈ పాట్లు కొత్తవి కావు. తెలుగు కొత్త నిబంధనను 1818లో అచ్చువేసిన శ్రీరాంపూర్ మిషన్‌లోని విలియం కేరీ గారు గొప్ప తోటమాలి కూడా అని చాలామందికి తెలియదు. ఆయన 1820లో భారత వ్యవసాయ, ఉద్యానవన సంఘాన్ని స్థాపించారు. మన సామర్లకోటలో తోట పెంచి మొక్కల మీద పరిశోధన చేసిన రాక్స్‌బర్గ్ రాసిన గ్రంథాన్ని, ఆయన మరణానంతరం అచ్చువేయించింది కూడా కేరీ గారే. ఒకసారి ఇంగ్లండు నుంచి విత్తనాల సంచి వచ్చింది. విత్తనాలు తీసుకున్నాక ఆ సంచిలో మిగిలిన మట్టిని ఆయన తోటలో ఒక మూల దులిపారు. కొన్నాళ్లకు అక్కడ ఇంగ్లండు పచ్చికల్లో పూసే చిన్న డైసీ పూవు మొలిచింది. దశాబ్దాల తర్వాత ఆ పూవును చూసి ఆయన పసివాడిలా సంబరపడ్డారు. స్వదేశంలో ఏళ్లకేళ్లు బతికే ఆ మొక్క బెంగాల్‌లో ఏడాది దాటి నిలవలేదు. ఆయన దాని వేరుతో పోట్లాడలేదు. ఏటా గింజలు దాచి, మళ్లీ చల్లి దాన్ని కాపాడుకున్నారు. ఆయన గింజను దాచినట్టే మనం దుంపను దాచాలి. వాతావరణాన్ని మార్చలేం కాని, మొక్కను కాపాడే దారి వెతుక్కోవచ్చు కదా!

జూన్ రెండోవారానికి తొలకరి పలకరిస్తుంది. కుండీలో ఉన్న దుంపలను అప్పుడే వానలో పెట్టేయకండి, చూరు కింద ఉంచండి. జులై చివర్లో మెడ దగ్గర ఎర్రని, పచ్చని కన్నులు తేలతాయి. అప్పుడు దుంపను కొత్తమట్టిలోకి మార్చి నీళ్లు పెంచాలి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపితే చాలు. ఒక్కో ముక్కకు ఒక్కో కన్ను ఉండేలా గుత్తిని కోసి నాటుకోవచ్చు. లేదంటే నాలుగంగుళాలు పెరిగిన మొలకలను కణుపు కింద కోసి తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లు పోసుకుంటాయి. ఒక్క దుంప నుంచి ఇలా నాలుగైదు మొక్కలొస్తాయి.

క్రిస్మస్‌కు పూలు కావాలంటే సెప్టెంబరులోనే ఆ మొక్కలు కుండీలకెక్కాలి. నాలుగు జతల ఆకులు రాగానే తలతుంచి, కర్ర ఊతమిచ్చి, పెద్ద పూవు కావాలంటే పక్కమొగ్గలు గిల్లేయాలి. యూరియా మీద మోజు వద్దు, ఆకు పెరుగుతుంది కాని పూవు తగ్గుతుంది, దుంప గట్టిపడదు. పగలు 12 గంటలకన్నా తగ్గే చలికాలంలోనే దుంపలు ఊరుతాయి. అంటే మీరు పూలను చూసి మురిసిపోతున్న రోజుల్లోనే మట్టి కింద మరుసటి ఏటికి సన్నాహం జరిగిపోతుంటుంది.

దుంపను ఒక్కచోటే దాచుకోవడం కూడా క్షేమం కాదు. ఎలుక కొరకవచ్చు, తుపాను నీరు రావచ్చు. అందుకే విడదీసిన దుంపల్లో ఒకటి పొరుగింటికి, ఒకటి స్త్రీల మైత్రిలోని స్నేహితురాలికి, ఒకటి పాస్టరమ్మగారి పెరటికి ఇవ్వండి. మీ కుండీలో పోయినా వారి కుండీలో ఆ రంగు బతికి ఉంటుంది. మళ్లీ అడిగి తెచ్చుకోవచ్చు.

ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రం ఏడో ఏట పొలానికి కూడా విశ్రాంతి ఇమ్మంది. దున్నకుండా, విత్తకుండా వదిలేసిన ఆ నేల చచ్చిన నేల కాదని ఆ రైతుకు తెలుసు. ఈ వేసవిలో మీ గుమ్మం పక్కన ఎండిన డాలియా కుండీ ఉంటే, కుమ్మరించే ముందు ఒక్కసారి వేలితో మట్టి తీసి చూడండి. దుంప చేతికి గట్టిగా తగిలితే దానికి ప్రాణముంది. కుండీని నీడకు జరిపి, చీటీ కట్టి, తొలకరిదాకా దాని మానాన దాన్ని నిద్రపోనివ్వండి.