కథలో రెండవ విరోధి

ఎదురు నిలుచువాడు ఒక్కడే అయినచో, వాడు లొంగిననాడే కథ ముగియును. అందుచేత నేర్పరియైన రచయిత స్వప్రయోజనము గల చిన్న విరోధులను గూడ కల్పించును.

గురజాడ అప్పారావుగారు 1909లో పెంచి ప్రకటించిన ‘కన్యాశుల్కము’ను చూడుడు. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు అమ్మజూచుట అందలి కలహము. ఆడవేషము వేసిన మహేశముతో అవధాన్ల పెండ్లి కాగానే ఆ గండము గడచినది. నాటకము మాత్రము ఆగలేదు. పెండ్లికూతురితోబాటు మధురవాణి కంటెయు మాయమైనది. ఆమె రామప్పంతులును, పంతులు అవధాన్లను నిలదీసిరి. ఒకవంక నగ తగవు, వేరొకవంక హత్యాభియోగము!

రామప్పంతులు ఎవరి బంటును కాడు. తన లాభమునకై తానే పెనగులాడినాడు. కథ వ్రాయబూనినవారు రెండవ విరోధిని గూర్చి అడుగవలసినది ఒక్కటే: వీనికి కావలసినదేమి? జవాబు లేనిచో, వాడు అడ్డుగోడయే గాని పాత్ర కాడు.