ఆదాయం పెంచాలా? ఖర్చు తగ్గించాలా?

మంచం ఉన్నంత వరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దలు అంటారు. సెలవులు అయిపోయి హాస్టల్‌కు బయలుదేరేటప్పుడు చేతిలో రెండు వందలు పెట్టి, "చూసి ఖర్చు పెట్టుకో బిడ్డా" అని అమ్మ చెప్పేదీ అదే. కానీ మంచమే పొట్టిదైతే ఎంతకని ముడుచుకుంటాం? మా గదుల్లో ఈ చర్చ చాలా రాత్రులు నడిచింది. అందులో మేము నేర్చుకున్నది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ఖర్చు తగ్గించడానికి ఒక హద్దు ఉంది. కుటుంబం ఎంత పేదదైతే దాని ఆదాయంలో తిండికి పోయే వాటా అంత ఎక్కువని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక శాస్త్రవేత్త 1857లోనే చెప్పాడు. మన ఇళ్ళలో ఇది చెప్పడానికి శాస్త్రవేత్త అవసరం లేదనుకోండి. మా మెస్ లెక్కే చూడండి. 2024 అక్టోబరు వరకు ఇంటర్ నుండి పీజీ దాకా ఒక్కో విద్యార్థికి నెలకు 1,500 రూపాయలు. అంటే రోజుకు 50. టిఫిన్, రెండు పూటల భోజనం అందులోనే. ఎవరు ఎంత పొదుపుగా నడిపినా పప్పు పలచబడుతుంది తప్ప డబ్బు మిగలదు. ఆ నవంబరు నుండి ప్రభుత్వం దాన్ని 2,100 చేసింది. రోజుకు 70. అక్కడ పనికొచ్చింది పొదుపు కాదు, వచ్చే డబ్బు పెరగడం.

అయితే సంపాదనే దారి అనుకున్నాం. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ పనికి కొదవ లేదు. పారిశ్రామికవాడ ఉంది, ఔటర్ రింగు రోడ్డు పక్కన గోదాములున్నాయి, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ఉంది. డిగ్రీ రెండో ఏట మాలో నలుగురం ఒక గోదాములో రాత్రి షిఫ్టుకు కుదిరాం. పార్సిళ్ళను ఊరి పేరు చూసి వేరు చేసే పని. మూడు నెలలు చేతిలో డబ్బు ఆడింది. మొదట క్లాసులో నిద్రపోయాం, తర్వాత క్లాసుకే వెళ్ళలేదు. హాజరు 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ రాదు, ఫీజు మనమే కట్టుకోవాలి. ఆ ఫీజు ముందు మూడు నెలల జీతం ఏ మూలకు? ముగ్గురం ఎలాగో గట్టెక్కాం. నాలుగో మిత్రుడు ఆ ఏడాది ఆగిపోయాడు. గోదాము పని వెతికి పెట్టింది మేమే కనుక, ఆ మాట వస్తే ఇప్పటికీ మాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఈ రెండింటి మధ్య మేము చాలాకాలం చూడనిది వడ్డీ. ఇంట్లో నూటికి మూడు రూపాయలకు పదివేలు తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600 పోతుంది. అసలు అలాగే ఉంటుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. సక్రమంగా కిస్తీలు కట్టిన సంఘానికి నూటికి నెలకు పావలా కంటే ఎక్కువైన వడ్డీని ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. అదే పదివేలకు నెలకు 25 రూపాయలే. తేడా 275! ఒక్క పూట పస్తుండకుండా, ఒక్క గంట ఎక్కువ పని చేయకుండా మిగిలే డబ్బు అది.

అప్పు కట్టాల్సిన రోజు కూడా ముఖ్యమే. వానాకాలం కూలి ఆగుతుంది, కిస్తీ ఆగదు. సూక్ష్మరుణ సంస్థలు వారం వారం వసూలు చేసిన రోజుల్లో ఒక కిస్తీ కట్టడానికి ఇంకో సంస్థలో అప్పు చేసిన ఇళ్ళు ఎన్నో. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కిస్తీ నెలకు ఒకసారే ఉండాలి, మొత్తం వడ్డీ అసలును మించకూడదు అన్నది. పేదవాడికి డబ్బు ఎంత వస్తుందన్నదే కాదు, ఎప్పుడు వస్తుందన్నదీ లెక్కే అని ఆ ఆర్డినెన్స్ చదివాక మాకు అర్థమైంది.

అందుకే మేము తొమ్మిదిమందిమి నెలకు 100 చొప్పున వేసుకుంటున్నాం. వడ్డీ లేదు. పరీక్ష ఫీజుకు, మందులకు, ఇంటి నుండి కబురు వస్తే బస్సు చార్జీలకు ఇస్తాం. తిరిగి కట్టే తేదీ తీసుకున్నవారే రాస్తారు. పుస్తకంలో మొదటి పేరు ఆ నాలుగో మిత్రుడిదే, మళ్ళీ కట్టిన పరీక్ష ఫీజుకు. ఈ ఏడాది చేరినవారు ఎవరైనా మాతో కలవవచ్చు. పుస్తకం మా గది అలమారలో ఉంటుంది, తాళం వేయం.