ఇల్లు మారే ఖర్చుపై దారి, వాహన నిలుపుదల ప్రభావం

ఒక కుటుంబం తన సామానుతో ఒక నివాసం నుండి మరొక నివాసానికి తరలిపోవడాన్ని ఇల్లు మారడం అంటారు. దీనికయ్యే ఖర్చు రెండు ఇళ్ళ మధ్య గల దూరాన్ని బట్టి ఉంటుందని సాధారణంగా భావిస్తారు. కాని ఒకే నగరంలో ఇల్లు మారేటప్పుడు ఆ దూరం కంటే, ఇంటి గుమ్మం నుండి వాహనం నిలిచే చోటు వరకు గల కొద్దిపాటి దారే ఖర్చును ఎక్కువగా నిర్ణయిస్తుంది. సందు వెడల్పు, వాహనం నిలుపుటకు స్థలం, అంతస్తు, మెట్లు, లిఫ్టు మరియు అపార్ట్‌మెంటు నియమాలు ఈ దారిలోని భాగాలు. ఈ వ్యాసంలో ముఖ్యంగా హైదరాబాదు నగర పరిస్థితులు ఉదాహరణగా తీసుకొనబడినవి.

ఖర్చులోని భాగాలు

ఇల్లు మారే ఖర్చులో ప్రధానంగా నాలుగు భాగాలు ఉంటాయి. అవి: సామాను కట్టుటకు అయ్యే ఖర్చు, ఎక్కించి దించే కూలి, వాహనపు కిరాయి, బీమా మరియు పన్నులు. వీటిలో మొదటిది సామాను పరిమాణాన్ని బట్టి, మూడవది వాహనం పరిమాణం మరియు దూరాన్ని బట్టి మారుతుంది. రెండవదైన కూలి మాత్రం పనికి పట్టే సమయాన్ని, కావలసిన మనుషుల సంఖ్యను అనుసరిస్తుంది. దారి బాగుంటే ఈ రెండూ తగ్గుతాయి, బాగులేకపోతే పెరుగుతాయి. అంతేకాక లారీ వేచి ఉన్న సమయం కూడా కిరాయిలో చేరుతుంది. కావున దారి యొక్క ప్రభావం కూలిపైనే కాక వాహనపు కిరాయిపై కూడా పడుతుంది.

సందు వెడల్పు - వాహనం ఎంపిక

హైదరాబాదులో ఇంటి సామాను తరలించుటకు ట్రాలీ ఆటో, టాటా ఏస్ వంటి చిన్న వాహనాలు, డీసీఎం అని పిలిచే మధ్యతరహా వాహనాలు మరియు లారీలు వాడతారు. డీసీఎం అనే మాట 1980లలో డీసీఎం టయోటా సంస్థ తయారుచేసిన వాహనం నుండి వచ్చింది. తరువాత ఆ తరహా వాహనాలన్నిటికీ అదే పేరు వాడుకలో స్థిరపడింది. 2005లో మార్కెట్టులోకి వచ్చిన టాటా ఏస్ సుమారు 3.8 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు మాత్రమే కలిగి ఉండుటచే పెద్ద వాహనాలు పోలేని సందులలోనికి కూడా వెళ్ళగలిగింది. దీనిని జనం ఛోటా హాథీ అని పిలుస్తారు.

చార్మినార్ పరిసరాలలోని పాతబస్తీ గల్లీలలోను, పాత కాలనీల లోపలి సందులలోను పెద్ద వాహనం మలుపు తిరగలేదు. క్రిందికి వ్రేలాడే విద్యుత్తు తీగలు, సందులోనికి పొడుచుకు వచ్చిన బాల్కనీలు, తక్కువ ఎత్తు గల రైలు వంతెనలు కూడా అడ్డు అవుతాయి. అటువంటప్పుడు ఇంటివారికి మూడు మార్గాలు ఉంటాయి.

* చిన్న వాహనంతో రెండు మూడు సార్లు తిరగడం. ప్రతిసారి కిరాయి చెల్లించాలి.
* పెద్ద వాహనాన్ని ప్రధాన రహదారిపై నిలిపి, ఇంటి నుండి అక్కడి వరకు చిన్న వాహనంలో సామాను చేర్చడం. దీనిలో ఒకే సామానును రెండు మార్లు ఎక్కించి రెండు మార్లు దించవలసి వస్తుంది.
* పెద్ద వాహనం వరకు కూలీలు మోసుకొని పోవడం. దీనిలో కూలి పెరుగుతుంది.

దగ్గరి దూరానికి మొదటి మార్గం, వేరే ఊరికి పోయేటప్పుడు రెండవ మార్గం సాధారణంగా లాభకరం.

భవన నిర్మాణ నియమాల ప్రభావం కూడా ఇందులో కనిపిస్తుంది. 2012 నాటి నియమాల ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల భవనాలకు ముందు కనీసం 12 మీటర్ల వెడల్పు గల రోడ్డు ఉండాలి. కావున కొత్తగా కట్టిన ఎత్తైన భవనాల గేటు వరకు లారీ రావడం సులభం. పాత మూడంతస్తుల ఇళ్ళకు ఈ సౌకర్యం తరచుగా ఉండదు. అనగా తక్కువ అద్దె ఉన్న పాత ఇల్లు, చేరేటప్పుడు మరియు ఖాళీ చేసేటప్పుడు ఎక్కువ ఖర్చు పెట్టించవచ్చు.

వాహనం నిలిపే దూరం

వాహనం గుమ్మం ముందు నిలిచినప్పటికి, వీధి చివర నిలిచినప్పటికి గల తేడాను ఒక ఊహాలెక్క ద్వారా గ్రహించవచ్చు. ఒక కుటుంబపు సామానులో ఒక్కరే మోయగల నగాలు 120 ఉన్నాయని, నలుగురు కూలీలు పని చేస్తున్నారని అనుకొందాం. వాహనం 10 మీటర్ల దూరంలో ఉంటే ఒక నగానికి రానుపోను నడక 20 మీటర్లు. 100 మీటర్ల దూరంలో ఉంటే నడక 200 మీటర్లు. అదనపు నడక 180 మీటర్లు. సెకనుకు ఒక మీటరు చొప్పున నడిస్తే ఒక్కొక్క నగానికి 3 నిమిషాలు ఎక్కువ పడుతుంది. 120 నగాలకు 360 నిమిషాలు. దీనిని నలుగురికి పంచితే గంటన్నర అవుతుంది. దించే చోట కూడా ఇదే పరిస్థితి ఉంటే మూడు గంటలు. బీరువా, ఫ్రిజ్, మంచం వంటి ఇద్దరు ముగ్గురు కలిసి మోసే వస్తువులు ఈ లెక్కలో చేర్చలేదు.

స్థలం దొరకకపోవడానికి ముఖ్య కారణం ఇళ్ళ ముందు నిలిపి ఉంచిన కార్లు. అపార్ట్‌మెంట్ల స్టిల్టు, సెల్లార్ పార్కింగులలోనికి ఎత్తు చాలక లారీ పోలేదు. రోడ్డుకు అడ్డంగా నిలిపితే ట్రాఫిక్ పోలీసులు జరిమానా విధించవచ్చు. నగరంలో పగటివేళ భారీ వాహనాలపై ఆంక్షలు ఉండుటచే లారీతో మారేవారు తెల్లవారుజామున లేదా రాత్రి పని పెట్టుకొంటారు.

మెట్లు మరియు లిఫ్టు

లిఫ్టు లేని ఇళ్ళకు అంతస్తుకు ఇంత అని అదనపు కూలి అడగడం వాడుక. దీనికి కారణం శ్రమయే. అంతస్తుకు 20 మెట్లు ఉన్నాయనుకొంటే మూడవ అంతస్తుకు 60 మెట్లు. పై ఉదాహరణలోని 120 నగాలకు బరువుతో ఎక్కవలసినవి 7,200 మెట్లు, అనగా ఒక్కొక్క కూలీకి 1,800 మెట్లు. తిరిగి దిగేవి వేరు.

లిఫ్టు ఉన్నంత మాత్రాన ఖర్చు తగ్గుతుందని చెప్పలేము. నలుగురు లేక ఆరుగురు పట్టే చిన్న లిఫ్టులో డబుల్ కాట్, బీరువా, మూడు సీట్ల సోఫా పట్టవు. వాటిని విడగొట్టవలెను, లేదా మెట్ల మీదుగా తేవలెను. మెట్ల మలుపు ఇరుకైతే తాళ్ళు కట్టి బాల్కనీ గుండా లాగుతారు. దీనికి ఎక్కువ మంది కావాలి, ప్రమాదం కూడా ఎక్కువ. పెద్ద గృహసముదాయాలలో సామాను కొరకు ప్రత్యేక లిఫ్టు ఉంటుంది.

అపార్ట్‌మెంటు సంఘాల నియమాలు

చాలా అపార్ట్‌మెంటు సంఘాలు ఇల్లు మారుటకు నిర్ణీత వేళలు పెడతాయి. కొన్ని ముందస్తు అనుమతి, రుసుము లేక లిఫ్టు పాడైతే మినహాయించుకొనుటకు డిపాజిట్టు కోరుతాయి. పాత ఇంటి యజమాని నుండి బాకీ లేదన్న పత్రం లేనిదే గేటు దాటనివ్వని చోట్లు కూడా కలవు. అనుమతి లేక లారీ గేటు వద్ద నిలిచిపోతే వేచి ఉన్న సమయానికి కిరాయి పెరుగుతుంది.

ముహూర్తం కూడా ఇక్కడ పని చేస్తుంది. ఆషాఢం, మూఢం, శూన్యమాసాలలో తెలుగువారు సాధారణంగా ఇల్లు మారరు. కావున మంచిరోజులలో, ముఖ్యంగా అవి ఆదివారం లేదా నెలాఖరున వచ్చినప్పుడు, వాహనాలకు గిరాకీ పెరిగి ఒకే అపార్ట్‌మెంటులో లిఫ్టు కొరకు రెండు కుటుంబాలు పోటీపడవలసి వస్తుంది. పాలు పొంగించే కార్యక్రమాన్ని ముహూర్తానికి జరిపి, సామానును వీలైన రోజున తెచ్చుకొనడం ద్వారా కొందరు ఈ ఇబ్బందిని తప్పించుకొంటారు.

హమాలీల ఆరోగ్యం

దారి సరిగా లేనప్పుడు ఆ భారం మొదట పడేది హమాలీల వీపుపైన. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో గరిష్ఠ బరువుపై 127వ ఒప్పందాన్ని ఆమోదించింది. ఆరోగ్యానికి హాని కలిగించేంత బరువును ఏ కార్మికునిచేతను మోయించరాదని దీని సారాంశం. దానితోపాటు వచ్చిన 128వ సిఫారసు వయోజన పురుషునికి 55 కిలోలను పరిమితిగా సూచించింది. భారతదేశం ఈ ఒప్పందాన్ని 2010లో ధ్రువీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ముఠా, జట్టు, హమాలీ తదితర కార్మికుల ఉపాధి, సంక్షేమం కొరకు 1976లో ఒక చట్టం చేయబడింది. మొత్తం పనికి ముందే గుత్తగా ధర కుదిరినప్పుడు, లెక్కలో లేని మెట్లు, నడక కూలీలకు ప్రతిఫలం లేని శ్రమగా మిగులుతాయి.

వివాదాలు

ఫోనులో చెప్పిన ధరకు, సామాను దించే రోజున అడిగే ధరకు మధ్య తేడా వచ్చినప్పుడు వివాదాలు పుడతాయి. సామాను అంతా లారీలో ఉండగా ఇంటివారికి బేరమాడే వీలు ఉండదు. లిఫ్టు లేదని, లారీ లోపలికి రాదని ముందు చెప్పకపోవడం కొన్నిసార్లు కారణమైతే, తెలిసి కూడా తక్కువ ధర చెప్పి తరువాత పెంచడం మరికొన్నిసార్లు కారణం. అంచనా వ్రాతపూర్వకంగా ఉంటే వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 క్రింద ఫిర్యాదు చేయుట సులభం. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915.

ఇతర దేశాలలో

* అమెరికాలో రాష్ట్రాల మధ్య జరిగే తరలింపులలో, పెద్ద లారీ ఇంటి వరకు రాలేక చిన్న వాహనం వాడినప్పుడు అదనపు ఛార్జీ విధిస్తారు. ఇటువంటి సేవలకు సామాను అప్పగించే సమయంలో వసూలు చేయదగినది మిగిలిన ఛార్జీలలో 15 శాతానికి మించరాదని ఫెడరల్ నియమం. మిగిలినది తరువాత బిల్లు ద్వారా కోరవలెను. అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఇది ఉపయోగపడే విషయం.
* బోస్టన్ నగరంలో చాలా అద్దె ఒప్పందాలు సెప్టెంబరు 1న మొదలవుతాయి. ఆ రోజులలో స్టారో డ్రైవ్ రహదారిపై తక్కువ ఎత్తు గల వంతెనలకు సామాను లారీలు తగులుకొనడం తరచు జరుగుతుంది.
* లండన్‌లో స్థానిక మండలికి ముందుగా రుసుము చెల్లించి ఇంటి ముందరి పార్కింగు స్థలాన్ని ఆ రోజుకు కేటాయింపజేసుకొనవచ్చు. జర్మనీలో తాత్కాలిక నో స్టాపింగ్ బోర్డులు పెట్టిస్తారు.
* ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత ఇళ్ళ మెట్లు ఇరుకైనవి. అందుచేత ఇంటి పైభాగాన బయటికి వచ్చిన దూలానికి కప్పీ, తాడు తగిలించి సామానును కిటికీల గుండా పైకి లాగుతారు.

ముందుగా చూసుకొనవలసినవి

* రెండు ఇళ్ళ వద్ద సందు వెడల్పు, మలుపులు, తీగల ఎత్తు. ఒక చివర బాగుండి రెండవ చివర బాగులేకపోయినా ఖర్చు పెరుగుతుంది.
* లారీ నిలిచే చోటు నుండి గుమ్మం వరకు అడుగుల లెక్క.
* లిఫ్టు తలుపు వెడల్పు, లోపలి ఎత్తు. వాటితో బీరువా, ఫ్రిజ్, మంచం కొలతల పోలిక.
* సంఘం అనుమతి, వేళలు, రుసుము.
* ముందు రోజు రాత్రి నుండి ఇంటి ముందు స్థలాన్ని స్వంత వాహనంతో ఉంచి, లారీ రాగానే ఖాళీ చేయడం. పొరుగువారికి ముందుగా తెలియజేయడం.
* ఈ వివరాలన్నీ అంచనా పత్రంలో వ్రాయించుకొని, అంతస్తు కూలి, నడక కూలి, వేచి ఉండే కిరాయి అందులో చేరినవో లేదో అడిగి తెలుసుకొనడం.