సీసాలో పది గంటలు, కడుపులో రెండు

1825 ఆగస్టులో అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఉడికించిన గొడ్డుమాంసం ముక్కను జఠరరసం పోసిన సీసాలో వేసి, ఒంటి వేడిలో ఉంచాడు. అలాంటిదే మరో ముక్కను దారానికి కట్టి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ కడుపులోకి దించాడు. బొచ్చుతోళ్ల వ్యాపారుల దగ్గర కూలి చేసే ఆ యువకుడికి 1822లో తుపాకీ పేలి పొట్టకు గాయమైంది. గాయం మానింది గానీ కన్నం పూడలేదు. కడుపులో ముక్క దాదాపు రెండు గంటల్లో కరిగిపోయి ఉత్త దారమే బయటికొచ్చింది. సీసాలోది కరగడానికి సుమారు పది గంటలు పట్టింది.

రసం అతనిదే, మాంసం ఒకటే. మరి తేడా ఎక్కడ? కడుపు ఊరికే ఉండదు. నిమిషానికి మూడుసార్లు ముడుచుకుని నలుపుతుంది, కొత్త రసం ఊరుస్తుంది, మెత్తబడినదాన్ని కిందికి పంపేస్తుంది.

రసంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని 1824లో విలియం ప్రౌట్, మాంసాన్ని కరిగించే పెప్సిన్‌ను 1836లో థియోడర్ ష్వాన్ గుర్తించారు. కడుపు కదలికను యంత్రంలోకి తేవడానికి మాత్రం ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది. 1990లలో నెదర్లాండ్స్‌లోని టీఎన్ఓ సంస్థ గాజు గదుల్లో మెత్తని గొట్టాలు అమర్చి, వాటి చుట్టూ గోరువెచ్చని నీటి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ పేగులతో సహా కడుపును అనుకరించింది. 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఫాన్‌బిన్ కాంగ్, పాల్ సింగ్ వేరే దారి పట్టారు. లేటెక్సు సంచి చుట్టూ బెల్టుల మీద రోలర్లు బిగించారు. మోటారు తిరిగితే అవి ఆవు పొదుగు పితికే వేళ్లలా సంచిని పైనుంచి కిందికి నొక్కుతాయి. రసం కొద్దికొద్దిగా పడుతూనే ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, గట్టి ఆహారం ఎలా విరుగుతుందో ఆమ్లం పోసిన బీకరు చెప్పలేదు. ప్రయోగశాలలు తమ ఫలితాలను పోల్చుకోవడానికి ఇన్ఫోజెస్ట్ అనే పరిశోధకుల బృందం 2014లో ఇచ్చిన బీకరు పద్ధతి (37 డిగ్రీలు, పీహెచ్ 3, రెండు గంటలు) చాలా ఉపయోగమే. కానీ అందులో నలుపుడు లేదు.

ఈ యంత్రాలంటే నాకున్న గౌరవం వెనక సెయింట్ మార్టిన్ ఉన్నాడు. అతని కడుపు మీద బోమాంట్ రెండు వందలకు పైగా ప్రయోగాలు చేశాడు. విసిగి సెయింట్ మార్టిన్ ఇంటికి వెళ్లిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు ఆ పని రబ్బరు సంచి చేస్తోంది, అయితే పూర్తిగా కాదు. చిన్నపేగులోకి కొవ్వు చేరగానే హార్మోన్లు కడుపును నెమ్మదించమంటాయి. లేటెక్సుకు ఆ కబురు అందదు. ఆహారం ఎంత వేగంగా దిగాలో మనుషుల్లో కొలిచి చూసి, ఆ లెక్కను మనమే యంత్రానికి అందించాలి.