ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్: రాడార్ చూపించిన చోట మనుషులు ఎందుకు దొరకలేదు? ఆ సిగ్నల్ వెనకున్న లెక్క ఇదీ!

* గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ మనిషిని చూపించదు.. తేడాను మాత్రమే చూపిస్తుంది
* నాయిస్‌ను తగ్గించొచ్చు.. కానీ ఇనుము ఇచ్చే తప్పుడు సిగ్నల్ అంత ఈజీగా పోదు
* రాడార్, జాగిలాలు కలిస్తేనే అంచనా బలపడేది.. ఎలాగో చూడండి

నాగర్‌కర్నూల్: 'రాడార్‌లో జాడ దొరికింది'.. 2025 మార్చి మొదట్లో టీవీల్లో పదే పదే వినిపించిన మాట ఇది. దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ టన్నెల్‌లో 8 మంది చిక్కుకున్నారు. వాళ్ల కోసం వెతుకుతుంటే రాడార్ కొన్ని పాయింట్లు చూపించింది. నలుగురి జాడ తెలిసిందని మంత్రి జూపల్లి కృష్ణారావు కూడా మార్చి 1న మీడియాకు చెప్పారు. కుటుంబాల్లో ఆశలు పెరిగాయి. తీరా తవ్వి చూస్తే లోహపు సామాను తగిలింది.

మరి రాడార్ అబద్ధం చెప్పిందా? లేదు. అది చెప్పింది ఒకటి, మనం విన్నది ఇంకొకటి. ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

అసలేం జరిగింది?

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని దోమలపెంట నుంచి మన్నెవారిపల్లి వరకు దాదాపు 44 కిలోమీటర్ల టన్నెల్ ఇది. శ్రీశైలం నీళ్లను ఉమ్మడి నల్గొండ జిల్లాకు తెచ్చి, 3 లక్షల ఎకరాలకు సాగునీరు, ఫ్లోరైడ్ గ్రామాలకు తాగునీరు ఇవ్వాలన్నది ప్లాన్. 2025 ఫిబ్రవరి 22న ఉదయం, దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్లు, బురద, రాళ్లు ఒక్కసారిగా వచ్చిపడి టన్నెల్ బోరింగ్ మిషన్ వాటి కింద నలిగిపోయింది.

హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో లోపలికి వెళ్లారు. దీన్నే షార్ట్‌గా జీపీఆర్ అంటారు.

జీపీఆర్ ఎలా పనిచేస్తుంది?

ఇది భూమిలోకి రేడియో తరంగాలు పంపుతుంది. లోపల ఒక పదార్థం అయిపోయి ఇంకొకటి మొదలైన చోట కొంత తరంగం వెనక్కి వస్తుంది. ఎంత టైమ్‌కు వచ్చిందో కొలిచి, లోతు ఎంతో లెక్కేస్తారు. వేగాన్ని టైమ్‌తో గుణించి, రెండుతో భాగించాలి. వెళ్లి రావాలి కాబట్టి రెండు.

సమస్య ఇక్కడే మొదలవుతుంది. వేగం ఎంత? గాలిలో రేడియో తరంగం ఒక నానో సెకనుకు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. పొడి రాయిలో సుమారు 12. తడి బురదలో 6 దాకా పడిపోతుంది. నీళ్లలో అయితే 3 చిల్లర.

అంటే సిగ్నల్ 40 నానో సెకన్లకు తిరిగొస్తే, మధ్యలో పొడి రాయి ఉంటే వస్తువు 2.4 మీటర్ల లోతులో ఉన్నట్టు. బురద ఉంటే 1.2 మీటర్లే. ఒకే సిగ్నల్, రెండు జవాబులు! రాయి, బురద, నీళ్లు కలగలిసిన చోట వేగాన్ని కూడా అంచనా వేసుకోవాల్సిందే.

ఇంకో చిక్కు. తడి మట్టి రేడియో తరంగాన్ని మింగేస్తుంది. పైగా మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీళ్లే. పొడి రాళ్ల మధ్య శరీరం స్పష్టంగా వేరుగా కనిపిస్తుంది. నీళ్లతో నిండిన బురదలో ఆ తేడా బాగా తగ్గిపోతుంది. అదే ఇనుప ముక్క అయితే తరంగాన్ని దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది. టన్నెల్‌లో ఉన్నది బురద, ఇనుము.. రెండూ!

ఫిల్టర్ చేస్తే సరిపోదా?

సిగ్నల్‌ను శుభ్రం చేయడానికి ఇంజినీర్ల దగ్గర చాలా పద్ధతులున్నాయి. ఒకే చోట పదే పదే కొలిచి సగటు తీయడం అందులో మొదటిది. పైకీ కిందికీ ఇష్టమొచ్చినట్టు ఊగే నాయిస్ సగటులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. 100 సార్లు కొలిస్తే నాయిస్ 10వ వంతుకు తగ్గుతుంది. 10 వేల సార్లు కొలిస్తే 100వ వంతుకు. కొలతల సంఖ్య వర్గమూలం ఎంతో, లాభం అంత.

రెండోది, అవసరమైన ఫ్రీక్వెన్సీలు ఉంచుకుని మిగతావి తీసేయడం. మూడోది, అన్ని చోట్లా ఒకేలా కనిపించే బ్యాక్‌గ్రౌండ్‌ను తీసేసి, ఒక్కచోటే ఉన్న తేడాను పైకి తేవడం.

ఇవన్నీ నాయిస్‌పై బాగా పనిచేస్తాయి. కానీ విరిగిన మిషన్ ముక్క నుంచి వచ్చేది నాయిస్ కాదు, నిజమైన సిగ్నలే. కాకపోతే మనకు అక్కర్లేని సిగ్నల్. ఇంజినీర్లు దీన్ని క్లట్టర్ అంటారు. వందసార్లు సగటు తీస్తే అది పోదు సరికదా, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

మన తెలుగాయన చెప్పిన హద్దు

ఎంత మంచి ఫార్ములా వాడినా ఒక హద్దు దాటలేం. ఈ హద్దును 1945లో లెక్క కట్టినవాళ్లలో ఒకరు మన తెలుగు శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, ప్రపంచానికి సీఆర్ రావుగా తెలిసిన గణాంక శాస్త్రవేత్త. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. అదే ఏడాది కన్నుమూశారు.

స్వీడన్‌కు చెందిన క్రామెర్ పేరుతో కలిపి ఆయన సూత్రాన్ని 'క్రామెర్-రావ్ బౌండ్' అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే.. డేటాలో ఉన్న సమాచారం ఎంతో, అంచనాలో కచ్చితత్వం అంతే. ఒకవైపుకు మొగ్గకుండా లెక్కించే ఏ పద్ధతీ అంతకుమించి తప్పును తగ్గించలేదు. బావిలో లేని నీళ్లను మోటార్ మార్చి తోడలేం కదా, అలాగన్నమాట! కచ్చితత్వం పెరగాలంటే కొత్త సమాచారం కావాలి.

జాగిలాలు ఎందుకు కీలకం?

ఆ కొత్త సమాచారమే కేరళ నుంచి వచ్చిన జాగిలాలు. మృతదేహాల వాసన పసిగట్టేలా శిక్షణ పొందినవి. అవి గుర్తించిన చోట తవ్వాకే మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఇవి టన్నెల్‌లో వచ్చిన అంకెలు కావు, అర్థం కావడానికి మాత్రమే.

శిథిలాలను 200 గడులుగా విభజించామనుకోండి. 8 గడుల్లో మనుషులున్నారు. మనిషి ఉన్న 10 గడుల్లో 9 రాడార్ పట్టేస్తుంది. మనిషి లేని 5 గడుల్లో ఒకదానికి తప్పుగా మోగుతుంది. వినడానికి మంచి మిషనే. కానీ లెక్కేస్తే 8లో 7 సరిగ్గా పడతాయి, మిగతా 192 గడుల్లో 38 తప్పుగా మోగుతాయి. మొత్తం 45 పాయింట్లు, అందులో నిజమైనవి 7. అంటే ఆరింట్లో ఒకటి!

ఇప్పుడు ఆ 45 చోట్లకే, అంతే కచ్చితత్వం ఉన్న జాగిలాన్ని పంపామనుకోండి. నిజమైన 7లో 6 మిగులుతాయి. తప్పుడు 38లో 8 మాత్రమే మిగులుతాయి. ఇప్పుడు 14 చోట్ల తవ్వితే 6 నిజం. అవకాశం ఆరో వంతు నుంచి దాదాపు సగానికి పెరిగింది.

కారణం ఒకటే. ఇనుము రాడార్‌ను బోల్తా కొట్టించగలదు, కుక్క ముక్కును కాదు. రెండూ తప్పు చేసే కారణాలు వేరు. కాబట్టి రెండూ ఒకే చోటు చూపిస్తే దానికి విలువ ఎక్కువ. ఫోన్ మ్యాప్‌లో మీ లొకేషన్ నిలకడగా కనిపించడం వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. జీపీఎస్ ఒకటి చెబుతుంది, ఫోన్ కదలికల సెన్సార్ ఇంకొకటి చెబుతుంది. దేన్ని ఎంత నమ్మాలో తూచి కలిపే పద్ధతుల్లో ఒకటి కాల్మన్ ఫిల్టర్.

మరి తప్పుడు అలారాలు తగ్గించొచ్చుగా?

తగ్గించొచ్చు. బలమైన సిగ్నల్ వస్తేనే మోగేలా సెట్ చేస్తే చాలు. అప్పుడు బలహీనమైన సిగ్నల్ ఇచ్చే మనిషిని కూడా వదిలేస్తుంది. ప్రాణాల విషయంలో ఏ తప్పు మేలు? పది చోట్ల ఉత్తినే తవ్వినా పర్లేదు, ఒక్క మనిషిని వదిలేయకూడదు. అందుకే రెస్క్యూలో చిన్న అనుమానం వచ్చినా మార్క్ చేస్తారు.

టైమ్ కూడా ముఖ్యమే. 2015 నేపాల్ భూకంపంలో నాసా సాయంతో తయారైన 'ఫైండర్' రాడార్ చౌతారాలో శిథిలాల కింద నలుగురిని గుర్తించడానికి సాయపడింది. అది వెతికింది గుండె కొట్టుకోవడాన్ని, ఊపిరిని. ఒకే లయలో వచ్చే సిగ్నల్‌ను నాయిస్ నుంచి వేరు చేయడం తేలిక. ప్రాణం పోయాక ఆ లయ ఉండదు.

ఇప్పుడు ఇదే లెక్క ముందుచూపు కోసం

మార్చి 25న రెండో మృతదేహం దొరికింది. ఏప్రిల్ చివర్లో సహాయక చర్యలు ఆపే నాటికి మిగతా ఆరుగురి ఆచూకీ తెలియలేదు.

పనులు మళ్లీ మొదలుపెట్టే ముందు కొండ లోపల ఏముందో తెలుసుకోవడానికి 2025 నవంబర్‌లో ఎన్‌జీఆర్‌ఐతో హెలికాప్టర్ సర్వే మొదలుపెట్టారు. హెలికాప్టర్ కింద వేలాడే పెద్ద తీగ చుట్టలో కరెంట్ పంపి, ఒక్కసారిగా ఆపేస్తారు. భూమిలో పుట్టిన చిన్న కరెంట్లు ఎంత త్వరగా తగ్గిపోతాయో కొలుస్తారు. పగుళ్లలో నీళ్లుంటే అవి నెమ్మదిగా తగ్గుతాయి. దాన్నిబట్టి బలహీనమైన రాయి ఎక్కడుందో అంచనా వేస్తారు. పైన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉండటంతో ఎక్కడ పడితే అక్కడ బోర్లు వేసి చూడటం కుదరదు.

ఇక్కడా అదే జాగ్రత్త కావాలి. వచ్చే మ్యాప్ ఫొటో కాదు, అంచనా. ఒకే కొలతకు ఒకటి కంటే ఎక్కువ రకాల భూమి సరిపోవచ్చు. అందుకే మ్యాప్‌తో పాటు లోపలి నుంచి ముందుకు వేసే ప్రోబ్ డ్రిల్లింగ్ కూడా కలిపి చూడాలి.

ఈసారి ఎక్కడైనా 'రాడార్‌లో జాడ దొరికింది' అని బ్రేకింగ్ వస్తే రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. అది ఎన్ని పాయింట్లలో ఒకటి? వేరే పద్ధతిలో కూడా అదే చోటు తేలిందా? జవాబు వచ్చేదాకా అది అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదు.